గిటారు తిరగని కుర్చీ

పాట వినడానికి రెండు చెవులుంటే చాలన్న అపోహ మానవజాతిలో చాలాకాలం చెలామణీ అయింది. దాన్ని మొన్న వేసవిలో మా బావగారు శాశ్వతంగా రద్దు చేశారు. వారి తాజా ఉత్తర్వు ప్రకారం పాట వినాలంటే కావలసినవి అయిదు స్పీకర్లు, మంచం కింద పట్టని ఇంకో పెద్ద పెట్టె, దుప్పట్లలాంటి పరదాలు, ఒక కుర్చీ, ఆ కుర్చీలో బావగారు. చెవుల ప్రస్తావన ఉత్తర్వులో ఎక్కడా లేదు.

బావగారు తూనికలు కొలతల శాఖలో అధికారి. ఊళ్లో ఏ కొట్లో తక్కెడున్నా, ఏ బంకులో పెట్రోలు మీటరున్నా దానిమీద వారి ముద్ర పడాల్సిందే. ముద్ర పడేదాకా దాన్ని అనుమానించడం వారి ఉద్యోగం. ముద్ర పడ్డాక దాన్ని నమ్మడం వారి మతం. "ముద్ర పడ్డ తక్కెడ తప్పు చూపదు బామ్మర్దీ. చూపించిందంటే సరుకులోనే ఏదో తేడా ఉందన్నమాట" అని పరిచయమైన కొత్తలోనే నాకు బోధించారు. (ఈ సూత్రం వారు మనుషులకీ వర్తింపజేస్తారు. నాకింకా ముద్ర పడలేదు.)

ఇక ఆ ఆల్బమ్ సంగతి. మేం పుట్టకముందెప్పుడో, నడుందాకా జుట్టు పెంచుకున్న నలుగురు కుర్రాళ్లు కలిసి వాయించిన రాక్ ఆల్బమ్ అది. ఆ నలుగురిలో ఇప్పుడు బతికున్నవాళ్లకి జుట్టు లేదు. అట్టమీద, క్షవరం కుర్చీలో కాలుమీద కాలేసుక్కూర్చున్న గుర్రం బొమ్మ ఉంటుంది. ఎందుకు వేయించారని అడిగితే వాళ్లకీ గుర్తులేదన్నారట. మేం దాన్ని గుర్రం ఆల్బమ్ అనేవాళ్లం. దాని క్యాసెట్టు మా ఇంటికి తెచ్చింది మా అక్క. కాలేజీలో ఉన్నన్నాళ్లూ అరిగిపోయేలా వింది. టేపు చిక్కుపడితే పెన్సిలు పెట్టి తిప్పి మళ్లీ వింది. క్లాసులో ఒక కుర్రాడు "ఒక్కసారి విని ఇచ్చేస్తాను" అంటే జాలిపడి అరువిచ్చింది. ఆ కుర్రాడే బావగారు. క్యాసెట్టు తిరిగి ఇవ్వలేదు సరికదా, మా అక్కని కూడా తీసుకెళ్లారు. (క్యాసెట్టయినా వెనక్కి వస్తుందేమోనని మా నాన్న కొంతకాలం ప్రయత్నించి విరమించుకున్నాడు.)

ఇన్నేళ్లకి ఎవరో మహానుభావులు ఆ పాత టేపుల్ని విడదీసి, డ్రమ్ముల్ని ఒక మూలకీ గిటారుని ఒక మూలకీ పంపించి, సరౌండ్ సౌండులో మళ్లీ విడుదల చేశారు. మూడో పాటలో గిటారు ఎదురుగా బయల్దేరి, ఎడమ భుజం పక్కనుంచి వెనక్కి వెళ్లి, తల చుట్టూ నిండు చుట్టొకటి చుట్టి, మళ్లీ ముందుకొచ్చి నిలబడుతుందట. విన్నవాళ్లంతా ఇంటర్నెట్టులో ఏడ్చుకుంటూ రాశారు. బావగారు అవన్నీ చదివారు. ఆ గిటారుని తమ తల చుట్టూ కూడా తిప్పించుకోవాలని తీర్మానించారు.

"ఏవండీ, ఇది మాత్రం మనిద్దరం కలిసి విందాం" అంది అక్క. తనడిగింది అంతే.

స్పీకర్లు వచ్చాయి. ఈ ఏర్పాటుని అయిదు పాయింట్ ఒకటి అంటారు. అయిదూ ఇంట్లోవాళ్లకి, ఆ పాయింటు పక్కనున్న ఒకటీ, అంటే దడదడలాడే ఆ పెద్ద పెట్టె, కింది అంతస్తులో పళ్ల డాక్టరుకి. (డ్రమ్ము పడగానే పేషెంట్లు వాళ్లంతట వాళ్లే నోరు తెరుస్తున్నారనీ, తనకేం అభ్యంతరం లేదనీ ఆయన మెట్లమీద నాతో చెప్పాడు.)

ఈ స్పీకర్లన్నిటినీ నడిపించే యంత్రానికి ఒక పద్ధతుంది. మనకి పాట వినిపించేముందు తను మన ఇంటిని వింటుంది. అందుకోసం దాంతోపాటు ఒక బుల్లి మైకు ఇస్తారు. తీగ కూడా ఉండదు, పొడుగాటి కాడ, చివర నల్లటి బొడిపె. శ్రోత చెవులు ఎక్కడుంటాయో అక్కడ దాన్ని నిలబెట్టి, ఫోన్లో బటన్ నొక్కితే, అయిదు స్పీకర్లూ ఒకదాని తర్వాత ఒకటి కూత పెడతాయి. ఆ కూతలు మైకు విని, లెక్కగట్టి, ఏ శబ్దం ఎప్పుడు బయల్దేరాలో యంత్రానికి చెబుతుంది. కొలిచేటప్పుడు గదిలో మనుషులుండకూడదు, చప్పుడు ఉండకూడదు. అలాగని ఫోన్లో రాసుంది. రాసుందంటే బావగారికి ఇక తిరుగులేదు.

కుర్చీకి వెనకవైపు మైకు నిలబెట్టారు. ఫ్రిజ్జు ఆపారు. గోడ గడియారంలో బ్యాటరీ పీకారు. అక్కనీ, మా మేనకోడల్నీ, చూసిపోదామని వచ్చిన పాపానికి నన్నూ మెట్లమీదకి తరిమి, తాము కూడా వచ్చి తలుపేశారు. బావగారి అమ్మగారిని, అంటే మా అత్తయ్యగారిని, మోకాళ్ల నొప్పుల దృష్ట్యా పడగ్గదిలో కూర్చోనిచ్చారు. బావగారు మెట్లమీద నిలబడి బటన్ నొక్కారు. లోపల కూతలు మొదలయ్యాయి. "గదిలో చప్పుడుంది, కాసేపాగి మళ్లీ ప్రయత్నించండి" అంది ఫోను. కాసేపాగి మళ్లీ నొక్కారు. ఈసారి "కొలత విజయవంతం" అంది.

బావగారి మొహంలో ఆ వెలుగు నేను వాళ్ల అమ్మాయి పుట్టినప్పుడు కూడా చూడలేదు. తలుపు తీసుకుని నేరుగా యంత్రం దగ్గరికి వెళ్లి, ఎవరూ మార్చకుండా దానికి తాళం నంబరు పెట్టి, పైన తేదీ వేసిన కాగితం అంటించి, సంతకం చేశారు. ముద్ర పడిపోయింది. అప్పటికే అత్తయ్యగారు హాల్లోకి వచ్చి కుర్చీలో సర్దుకుని కూర్చున్నారు.

"అమ్మా, లే. అది శ్రోత కుర్చీ."

"నిన్నటిదాకా నా కుర్చీయేగా నాయనా?"

"నిన్నటిదాకా కొలవలేదు" అన్నారు బావగారు.

ఆ రోజునించి ఆ హాలు హాలు కాదు, శ్రవణ విభాగం. నియమాలు నోటిమాటగా జారీ అయ్యేవి, రోజుకొకటి చొప్పున. ఆల్బమ్ నడుస్తున్నంతసేపూ మిక్సీ, కుక్కరు, బట్టల మిషనూ నిషిద్ధం. తుమ్ములూ దగ్గులూ పాటకీ పాటకీ మధ్య ఖాళీలో తీర్చుకోవాలి. హాలు దాటేవాళ్లు స్పీకర్ల ఎత్తుకి దిగువగా వంగి నడవాలి, నిలువుగా నడిస్తే శబ్దం మనిషికి తగిలి ఆగిపోతుంది. మేనకోడలి స్నేహితురాలు ఒకమ్మాయి తలుపు తీసేసరికి ఇంటిల్లిపాదీ వంగి అటూ ఇటూ పోతుండటం చూసి, పోగొట్టుకున్న వస్తువేదో వెతుకుతున్నారనుకుని తనూ వంగి వెతకడం మొదలుపెట్టింది. అత్తయ్యగారు వయసు రీత్యా ముందే వంగి ఉన్నందువల్ల ఆవిడకి శాశ్వత అనుమతి లభించింది.

అక్క తన సంగతి మళ్లీ ఎత్తింది.

"నేనూ కూర్చుంటానండీ. పక్కన స్టూలు వేసుకుంటాను."

"పక్కనంటే కుదరదు. ఈ ఏర్పాటులో సరిగ్గా వినబడే చోటు ఒక్కటే. అందులో ఒక తలే పడుతుంది."

"పోనీ వెనకాల కూర్చుంటా."

"వెనక స్పీకరుకి నువ్వు అడ్డం. నాకు రావలసిన గిటారు నీ దగ్గరే ఆగిపోతుంది" అని, అక్క మొహం చూసి కాస్త మెత్తబడ్డారు. "నీ వంతు తప్పకుండా ఉంటుంది. ముందు నన్ను ఒకసారి సరిగ్గా విననీ. ప్రాథమిక పరిశీలన అయిపోగానే నువ్వే."

అక్క "సరే" అని వంటింట్లోకి వెళ్లిపోయింది. హాలుకీ వంటింటికీ మధ్య తలుపు లేదు, ఒక కమాను మాత్రం ఉంది. కాబట్టి పాట అక్కడికీ వినబడుతుంది. అయితే శ్రవణ విభాగం దాన్ని వినడం కింద పరిగణించదు.

కానీ ప్రాథమిక పరిశీలన పూర్తి కాలేదు. ఎందుకంటే గిటారు తిరగలేదు.

బావగారు కుర్చీలో కూర్చుని, కళ్లు మూసుకుని, మూడో పాట కోసం భుజాలు సిద్ధం చేసుకునేవారు. గిటారు ఎదురుగా బుద్ధిగానే బయల్దేరేది. ఎడమ భుజం దగ్గరికి వచ్చేసరికి ఎవరో పిలిచినట్టు పక్కకి మళ్లి ఎటో పోయేది. డ్రమ్ములవాడు చెప్పుల స్టాండులో కూర్చుని వాయిస్తున్నట్టుండేది. పాడే ఆయన పరదా వెనకనుంచి, ఇంట్లోకి రావచ్చా అని అడుగుతున్నట్టు పాడేవాడు.

ఇంకొకరైతే యంత్రాన్ని అనుమానిస్తారు. యంత్రానికి ముద్ర ఉంది. ముద్ర పడ్డ తక్కెడ తప్పు చూపదు. కాబట్టి తేడా సరుకులో ఉండాలి. ఇక్కడ సరుకంటే ఇల్లు. అద్దాల బీరువా శబ్దాన్ని వెనక్కి కొడుతోందని బాల్కనీలోకి గెంటారు, వానకి అందులో పింగాణీ అంతా తడిసింది. ఉత్త గోడ మంచిది కాదని మేనకోడలి పరుపు తెచ్చి గోడకి నిలబెట్టారు, ఆ పిల్ల నేలమీద పడుకుంది. అత్తయ్యగారి చేతికర్రకి రబ్బరు తొడిగారు. ఒత్తయిన జుట్టు శబ్దాన్ని పీల్చేస్తుందని ఎక్కడో చదివి మేనకోడలి జడవైపు అదోలా చూడటం మొదలుపెట్టారు. ఆ పిల్ల తువ్వాలు చుట్టుకుని తిరిగేది.

ఇంట్లో దిద్దడానికి ఇంకేమీ మిగలక చివరికి నన్ను వెంటబెట్టుకుని చెవుల డాక్టరు దగ్గరికి వెళ్లారు. ఆయన యంత్రం పెట్టి పరీక్షించి, చెవులు దివ్యంగా ఉన్నాయన్నాడు.

"మీ యంత్రానికి ముద్ర ఎప్పుడు పడింది?" అని అడిగారు బావగారు.

(ఆ డాక్టరు ఇప్పటికీ నేను కనబడితే దారి మారుస్తాడు.)

మనిషి చిక్కిపోయారు. ఎగతాళిగా చెప్పడం లేదు, నిజంగానే చిక్కిపోయారు. ఒకరోజు నాతో మెల్లగా, "అందరికీ తిరుగుతోంది బామ్మర్దీ, నాకే తిరగట్లేదు" అన్నారు. పాపం అనిపించింది. ఓదారుద్దామని వంటింట్లోకి మంచినీళ్లకోసం వెళితే, అక్క సింకు దగ్గర చేతినిండా సబ్బు నురగతో, కళ్లు మూసుకుని, తలని ఎడమనుంచి మెల్లగా పక్కకి తిప్పుతోంది. మెడ పట్టేసిందనుకున్నాను. నొప్పి తగ్గడానికి ఏదైనా రాసుకోమని సలహా కూడా ఇచ్చాను. అక్క కళ్లు తెరవకుండానే "కాసేపు నోర్ముయ్యరా" అంది.

చివరికి ఒక ఆదివారం మధ్యాహ్నం బావగారు ఓడిపోయినట్టు కుర్చీలోంచి లేచారు.

"రా, కూర్చో. నీ వంతు" అన్నారు అక్కతో. "నాకయితే పట్టుబడలేదు. నీకేమైనా తిరుగుతుందేమో చూడు."

అక్క చీర కొంగుకి చేతులు తుడుచుకుని వచ్చి కూర్చుంది. ఎన్నాళ్లనుంచో అడుగుతున్న కుర్చీ. మేమందరం వంగి నిలబడ్డాం. మూడో పాట మొదలైంది. గిటారు బయల్దేరింది. అక్క కాసేపు విని, కళ్లు తెరిచి, పుల్లటిదేదో తిన్నట్టు మొహం పెట్టింది.

"ఇక్కడేం బాలేదండీ. అక్కడే బాగుంటుంది."

"అక్కడంటే?"

"సింకు దగ్గర. అక్కడ రోజూ చుట్టూ తిరుగుతుందిగా."

హాల్లో నిశ్శబ్దం అలుముకుంది. శ్రవణ విభాగం పుట్టాక అంత నాణ్యమైన నిశ్శబ్దం అదే మొదలు.

బావగారు వంటింట్లోకి నడిచారు, ఈసారి వంగకుండా. సింకు ముందు నిలబడి "మళ్లీ పెట్టు" అన్నారు. మేనకోడలు మళ్లీ పెట్టింది. నేను కమాను దగ్గరనుంచి ఆయన మొహమే చూస్తున్నాను. గిటారు ఎడమ భుజం దాకా వచ్చినప్పుడు ఆయన ఊపిరి బిగబట్టారు. తర్వాత తల మెల్లగా తిరగడం మొదలైంది. వెనక్కి, కుడివైపుకి, మళ్లీ ముందుకి. పాట అయిపోయేసరికి కళ్లవెంట నీళ్లు కారుతున్నాయి. (ఆ దరిదాపుల్లో ఉల్లిపాయలు లేవు. నేను చూశాను.)

కళ్లు తుడుచుకున్న మరుక్షణం అధికారి మేలుకున్నారు. విచారణ అక్కడికక్కడే జరిగింది.

"కొలిచిన రోజు మైకుని కుర్చీ దగ్గర్నించి ఎవరు కదిపారు?"

"మైకెక్కడిది? నేను సీసాలు కడిగే బ్రష్షు తీశాను" అన్నారు అత్తయ్యగారు. "మీరంతా మెట్లెక్కి నిలబడ్డారు. చూద్దును గదా, నా కుర్చీ వెనక బ్రష్షు నిలబెట్టి ఉంది. ఎవరి మతిమరుపో అనుకుని తీసుకెళ్లి సింకు పైన సబ్బులు పెట్టే అరలో నిలబెట్టాను. ఇల్లు సర్దడం కూడా నేరమా నాయనా?"

ఫోనుకి మొదటిసారి వినబడిన చప్పుడు అత్తయ్యగారు. రెండోసారికి మైకు సింకు దగ్గర క్షేమంగా ఉంది. యంత్రం బుద్ధిగా, ఇంట్లో పాట వినే మనిషి సింకు దగ్గరే నిలబడతారని రాసుకుంది. (నిజానికి దాని లెక్క తప్పేం కాదు.)

బావగారు అక్కవైపు తిరిగారు. "ఆ మైకు తీసి పెట్టెలో పెట్టింది నువ్వేగా? ఎక్కణ్ణుంచి తీశావు?"

"సింకు పై అరలోంచి."

"మరి నాకు చెప్పలేదేం?"

"చెబుదామనే వచ్చాను. అప్పటికే మీరు ముద్ర వేసేశారు. ముద్ర పడ్డాక అనుమానించకూడదని మీరే కదండీ అంటారు?"

ఇంతకంటే పెద్ద దెబ్బ బావగారికి పెట్రోలు బంకువాళ్లు కూడా కొట్టలేదు.

"పోనీలెండి బావగారూ. మైకు తెచ్చి కుర్చీ దగ్గర పెట్టి మళ్లీ కొలిస్తే సరిపోదూ?" అన్నాను.

నా అజ్ఞానానికి ఆయన నవ్వారు. గడువు తీరేదాకా ముద్ర తియ్యడం కుదరదట. తియ్యాలంటే బాధితులెవరైనా ఫిర్యాదు చెయ్యాలి. ముద్ర వేసిన అధికారి తన ముద్రమీద తనే ఫిర్యాదు చేసుకుంటే, అప్పటిదాకా ఊళ్లో వేసిన ముద్రలన్నిటి మర్యాదా పోతుంది. ఆయన ఆశగా ఇంట్లోవాళ్ల మొహాలు చూశారు.

"నాకేం ఫిర్యాదు లేదు" అంది అక్క.

"నా పరుపు నాకిచ్చేస్తే నాకూ లేదు" అంది మేనకోడలు.

"ముద్ర అలాగే ఉండనీ నాయనా, పదికాలాలపాటు" అన్నారు అత్తయ్యగారు.

అలా శ్రవణ విభాగం వంటింటికి బదిలీ అయింది. బావగారు మొదట సింకు ముందు స్టూలు వేసుకుని కూర్చుని చూశారు. మైకు పెట్టిన అర నిలబడ్డ మనిషి చెవుల ఎత్తులో ఉంది కాబట్టి, కూర్చుంటే గిటారు నెత్తి మీంచి దాటిపోతోంది. నిలబడక తప్పలేదు. నిలబడి కళ్లు మూసుకున్నారు.

"ఊరికే అలా స్తంభంలా నిలబడితే గిన్నెలెవరు తోముతారండీ? దారికడ్డం" అంది అక్క.

"నీళ్ల చప్పుడుకి పాట పాడవుతుంది కదా?"

"ఇన్నాళ్లూ నేను పాడు చేసుకున్నానా ఏంటి?" అని అక్క పీచు ఆయన చేతికిచ్చి పద్ధతి నేర్పింది. పాట నడుస్తున్నంతసేపూ సబ్బు. పాటకీ పాటకీ మధ్య ఖాళీలో నీళ్లు. స్టీలు గిన్నెలు నెమ్మదిగా వాయించే పాటల్లో ముట్టుకోకూడదు, అప్పుడు ప్లాస్టిక్ డబ్బాలు. మాడిన మూకుడు మూడో పాటకి ఉంచుకోవాలి, అది అన్నిటికంటే పొడుగు పాట. చేతులు వాటి పని అవి చేసుకుంటాయి, తల మాత్రం గిటారుకి వదిలెయ్యాలి. బావగారు శ్రద్ధగా విన్నారు. పనిలో కొలతుంటే ఆయనకి పనే అనిపించదు. ఇప్పుడు ఆ ఇంట్లో సింకు దానంతటదే ఖాళీ అవుతోంది. ఇంకో ఆల్బమ్ విందామని తోమినవే తోముతున్నారని అత్తయ్యగారు చెప్పారు.

మొన్న నేను వెళ్లేసరికి గుర్రం ఆల్బమ్ నడుస్తోంది. హాల్లో పరదాలు తీసేసి ఉన్నాయి. బావగారు నడుముకి తువ్వాలు కట్టుకుని సింకు దగ్గర తల తిప్పుతున్నారు. అక్క కుర్చీలో వెనక్కి వాలి, స్టూలు మీద కాళ్లు చాపుకుని ఉంది.

"అక్కడ బాలేదన్నావు కదే?" అన్నాను.

"బాలేదురా. గిటారు ఎటో పోతుంది."

"పోనీ ఆయన పక్కకి వెళ్లి నిలబడు. ఇద్దరం కలిసి విందామన్నది నువ్వేగా?"

అక్క కళ్లు మూసుకునే నవ్వింది.

"కలిసే వింటున్నాంరా. ఇన్నాళ్లూ కూడా కలిసే విన్నాం. కాకపోతే ఇవాళ కూర్చున్నది నేను."